బీ-ఫారం లేని దేశంలో సోషలిస్టులు

మీరు అడిగింది ఇది: "న్యూయార్క్ నగర మేయర్‌గా సోషలిస్టు మమ్దానీ గెలిచాడు కదా, అమెరికాలో సోషలిస్టులు నిజంగా ఎన్నికల ద్వారా అధికారంలోకి రాగలరా? లేక ఇది ఒక్క ఊరి ముచ్చటేనా? రేపు ఆయనే ప్రెసిడెంట్ అయ్యే అవకాశం ఉందా?"

పదవుల వరకైతే రాగలరు. రావడం కొత్తేమీ కాదు, వందేళ్ల కిందటే వచ్చారు. మేయర్లయ్యారు, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు వెళ్లారు, ఒకచోట ఏకంగా రాష్ట్రాన్నే చేజిక్కించుకున్నారు. చిక్కంతా ఆ తర్వాతే. గెలిచిన కుర్చీకి ఎంత అధికారం ఉంది, దాని పైన ఇంకెన్ని కుర్చీలు ఉన్నాయి అన్నది ఇక్కడ అసలు లెక్క. సొంత పార్టీ, సొంత గుర్తు మీద దేశం మొత్తాన్ని గెలవడం మాత్రం ఇప్పుడున్న ఎన్నికల పద్ధతిలో జరిగే పని కాదని నా అభిప్రాయం.

నేను న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉంటాను. ఉద్యోగంలో చేరాక యూనియన్, యూనియన్ వల్ల ప్రైమరీ ప్రచారాల్లో ఇంటింటికీ తిరగడం అలవాటయ్యాయి. కాబట్టి కింద రాసేదాంట్లో కొంత చూసింది, ఎక్కువ భాగం చదివింది.

ముందు ప్రైమరీ సంగతి అర్థం కావాలి. అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మన దగ్గర ఎమ్మెల్యేగా నిలబడాలంటే పార్టీ బీ-ఫారం కావాలి. అది అధిష్ఠానం చేతిలో ఉంటుంది. నామినేషన్ల చివరి రోజు దాకా ఫారం ఎవరి పేరు మీద వస్తుందో తెలియక ఆశావహులు ఫోన్ పట్టుకుని టెన్షన్‌తో తిరగడం ప్రతి ఎన్నికల్లో చూస్తూనే ఉంటాం. అమెరికాలో ఆ ఫారమే లేదు. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చేది ఆ పార్టీ పెద్దలు కాదు, ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటేసే మామూలు జనం. ప్రభుత్వమే పోలింగ్ పెట్టి ఆ ఎన్నిక జరిపిస్తుంది. కావలసిన సంతకాలు తెచ్చుకుంటే పార్టీ నాయకత్వానికి బద్ధ వ్యతిరేకి కూడా ఆ పార్టీ టికెట్ కోసం నిలబడవచ్చు, గెలిస్తే టికెట్ అతనిదే. ఎవరూ ఆపలేరు. యూరప్‌లో వామపక్షాలు సొంత పార్టీలు కట్టుకుని పెరిగితే, ఇక్కడ ఉన్న పార్టీ తలుపు తోసుకుని లోపలికి వెళ్లే దారి ఉంది. అమెరికన్ సోషలిస్టుల చరిత్రలో సగం ఈ దారిలో వెళ్లాలా వద్దా అన్న తగవే.

ఆ దారిని మొదట పూర్తిగా వాడుకున్నది పట్నం కార్మికులు కాదు, గోధుమ రైతులు. నార్త్ డకోటా. ఈ కథ మన తెలుగు వాళ్లకు తెలియాల్సినంత తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1910ల నాటికి అక్కడి రైతు పండించిన గోధుమ ఊరి రైల్వే స్టేషన్ పక్కనున్న ఎలివేటర్‌కు తోలేవాడు. ఎలివేటర్ అంటే ధాన్యం నిల్వచేసే పెద్ద గోదాం. అక్కడి ఏజెంటే గింజ నాణ్యత చూసి గ్రేడు వేసేవాడు, మట్టీ తాలూ అని ఇంత కోసేవాడు. ధర మిన్నియాపొలిస్ మిల్లర్లు, అక్కడి వ్యాపార మండలి చెప్పినంత. అప్పిచ్చే బ్యాంకూ వాళ్లకు దగ్గరిదే, సరుకు మోసే రైలూ అంతే. గుంటూరు మిర్చి యార్డులో గ్రేడింగ్ దగ్గర గొడవపడిన రైతుకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆర్థర్ టౌన్లీ అనే ఆయన అవిసె పంట వేసి దివాలా తీసిన రైతు. తర్వాత సోషలిస్టు పార్టీలో ఆర్గనైజర్‌గా పనిచేశాడు. రైతులకు పార్టీ కార్యక్రమం నచ్చేది, పార్టీలో చేరమంటే మాత్రం జంకేవాళ్లు. టౌన్లీ 1915లో పార్టీని వదిలి నాన్‌పార్టిజన్ లీగ్ పెట్టాడు. సోషలిజం అన్న బోర్డు తీసేసి సరుకు మాత్రం అదే ఉంచాడు: రాష్ట్రం నడిపే ఎలివేటర్లు, రాష్ట్రం నడిపే పిండి మిల్లు, రాష్ట్రం నడిపే బ్యాంకు, వడగళ్ల బీమా. ఆర్గనైజర్లు ఫోర్డు కార్లలో పొలాలకు వెళ్లి సభ్యత్వ రుసుం వసూలు చేశారు. చేతిలో డబ్బు లేనివాళ్ల దగ్గర పంట అమ్మాక చెల్లేలా ముందు తేదీ వేసిన చెక్కు తీసుకున్నారు. డబ్బు కట్టిన రైతు కచ్చితంగా ఓటేస్తాడని టౌన్లీ లెక్క. ఆ లెక్క తప్పలేదు.

ఆ రాష్ట్రంలో రిపబ్లికన్ టికెట్ దొరికితే గెలిచినట్టే. 1916లో లీగ్ ఆ పార్టీ ప్రైమరీలోకే తన మనుషులను దింపింది. లిన్ ఫ్రేజియర్ అనే రైతు గవర్నర్ అయ్యాడు. అయితే ఆ ఏడాది రాష్ట్ర సెనేట్‌లో సగం సీట్లకే ఎన్నిక కాబట్టి, 1917 సమావేశాల్లో బిల్లులు అక్కడే ఆగిపోయాయి. 1918లో రెండు సభలూ చేతికొచ్చాయి. 1919లో బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా, రాష్ట్ర మిల్లు, వడగళ్ల బీమా, ఇళ్ల నిర్మాణ సంస్థ వరసగా చట్టాలయ్యాయి. రాష్ట్రం వ్యాపారం చేయడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకెక్కితే, 1920లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రం పక్షానే తీర్పు చెప్పింది.

కోర్టులో గెలిచారు గానీ బాండ్ల దగ్గర ఇరుక్కున్నారు. బ్యాంకుకూ మిల్లుకూ పెట్టుబడి కోసం రాష్ట్రం బాండ్లు అమ్మాలి, వాటిని కొనాల్సింది బయటి ఫైనాన్సు సంస్థలు. వాళ్లు మొహం తిప్పుకున్నారు. యుద్ధం తర్వాత గోధుమ ధర కుప్పకూలింది, లీగ్‌లో లోపలి గొడవలు వీధిన పడ్డాయి. 1921 అక్టోబర్‌లో రీకాల్ ఎన్నిక పెట్టి ఫ్రేజియర్‌ను దించేశారు. అమెరికా చరిత్రలో ఓటర్లు మధ్యలో వెనక్కి పిలిచిన మొదటి గవర్నర్ ఆయనే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అదే రోజు, అదే బ్యాలెట్లో ఈ ప్రభుత్వ సంస్థలను కట్టడి చేసే ప్రతిపాదనలు కూడా పెట్టారు. ఓటర్లు వాటిని ఓడించారు. మనిషిని దించారు, బ్యాంకును ఉంచుకున్నారు. మరుసటి ఏడాది అదే ఫ్రేజియర్‌ను వాషింగ్టన్ సెనేట్‌కు పంపారు! ఆ బ్యాంకు, గ్రాండ్ ఫోర్క్స్‌లోని ఆ మిల్లు ఈరోజుకీ నడుస్తున్నాయి. ట్రంప్‌కు ఓట్లు కుమ్మరించే రాష్ట్రంలో, రిపబ్లికన్ ప్రభుత్వాల కింద. ఎవరూ వాటి జోలికి పోరు.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరం కథ దీనికి తలకిందులు. అక్కడ సోషలిస్టులు సొంత జెండా మీదే నిలబడ్డారు. 1910లో ఎమిల్ సైడెల్ మేయర్‌గా గెలిచాడు. ఆ ఏడాదే విక్టర్ బెర్గర్ కాంగ్రెస్‌కు వెళ్లిన మొదటి సోషలిస్టు అయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి బద్ధ శత్రువులైన డెమోక్రాట్లు, రిపబ్లికన్లు చేతులు కలిపి ఒకే అభ్యర్థిని పెట్టారు. సైడెల్‌కు మొదటిసారి కంటే ఎక్కువ ఓట్లే వచ్చాయి, అయినా ఓడిపోయాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు గుర్తొస్తాయి. కమ్యూనిస్టులు గెలుస్తారని దేశమంతా అనుకుంది. కాంగ్రెస్, మరికొన్ని పక్షాలు ఐక్య కాంగ్రెస్ సంఘటనగా ఏర్పడి ఒక్కో సీటుకు ఒక్క అభ్యర్థినే పెట్టాయి. కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 196కి 15. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో మూడో పక్షం బలపడే కొద్దీ మిగతా ఇద్దరూ ఏకమవుతారు. అమెరికాదీ ఇదే పద్ధతి. ప్రెసిడెంట్ ఎన్నికలో ఇది ఇంకా కఠినం: మూడో అభ్యర్థి గట్టిగా నిలబడి ఎవరికీ 270 ఎలక్టోరల్ ఓట్లు రాకపోతే నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్తుంది, అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు. అంటే ఉన్న రెండు పార్టీలే తేలుస్తాయి.

మిల్వాకీలో అంతటితో అయిపోలేదు. 1916లో డేనియల్ హోన్ గెలిచి 1940 దాకా, అంటే 24 ఏళ్లు మేయర్‌గా ఉన్నాడు. 1948 నుంచి 1960 వరకు ఫ్రాంక్ జైడ్లర్. మురుగు కాలువలు, పార్కులు, తాగునీళ్లు, లంచం లేని ఆఫీసు, ఇదీ వాళ్ల పాలన. సొంత పార్టీలోని న్యూయార్క్ నాయకులే వాళ్లను "మురుగు కాలువ సోషలిస్టులు" అని ఎగతాళి చేశారు. నా మటుకు నాకు ఆ ఎగతాళి పిలుపు బిరుదులాగే కనిపిస్తుంది.

"అమెరికన్లకు సోషలిజం వంటికి పడదు" అని తేల్చేసే వాళ్లు మర్చిపోయేది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. సోషలిస్టు పార్టీ ప్రెసిడెంట్ అభ్యర్థి యూజీన్ డెబ్స్ 1912లో 9 లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నాడు, దాదాపు 6 శాతం. ఓక్లహోమాలోనైతే 16 శాతం పైనే. యుద్ధాన్ని విమర్శిస్తూ 1918లో ప్రసంగించినందుకు పదేళ్ల శిక్ష వేశారు. 1920లో అట్లాంటా జైల్లో ఉండే పోటీ చేసి మళ్లీ 9 లక్షలు దాటాడు. బెర్గర్ 1918లో గెలిస్తే కాంగ్రెస్ అతన్ని కూర్చోనివ్వలేదు. మళ్లీ ఎన్నిక పెడితే మళ్లీ గెలిచాడు, మళ్లీ కూర్చోనివ్వలేదు. 1920లో న్యూయార్క్ అసెంబ్లీ తన ఐదుగురు సోషలిస్టు సభ్యులనూ బయటికి పంపించేసింది. పత్రికలను పోస్టులో వెళ్లకుండా ఆపారు. ఇంత జరిగాక మిగిలిన పార్టీ బలహీనపడిందంటే తప్పు ఓటర్లదొక్కటే కాదు. మిగిలినదాన్ని ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ సంక్షేమ పథకాలు లాగేసుకున్నాయి: డెబ్స్ తర్వాత ఆ పార్టీ అభ్యర్థి అయిన నార్మన్ థామస్‌కు 1932లో దాదాపు 8.8 లక్షల ఓట్లు, 1936లో రెండు లక్షలు కూడా లేవు.

ఇప్పటి మాటకు వద్దాం.

న్యూయార్క్‌లో గవర్నర్ పదవికి ఇండిపెండెంట్‌గా పేరెక్కించుకోవాలంటే ఒకప్పుడు 15,000 సంతకాలు కావాలి. 2020లో దాన్ని 45,000 చేశారు. ప్రతి సంతకం పక్కనా చిరునామా సరిగ్గా ఉండాలి, అవతలి పార్టీ లాయర్లు ఒక్కో లైనూ భూతద్దం పెట్టి చూస్తారు. మూడో పార్టీకి తలుపులు ఇలా మూసుకుంటాయి. ప్రైమరీ దారి మాత్రం తెరిచే ఉంది, అక్కడా ఒక మెలిక ఉంది. జాక్సన్ హైట్స్‌లో ప్రచారానికి వెళ్లినప్పుడు మా చేతికిచ్చే లిస్టులో ఫ్లాట్ నంబరు, పేరు, వయసు, ఆ మనిషి గతంలో ఏయే ప్రైమరీల్లో ఓటేశారో ఉంటుంది. అందులో ఉండేది నమోదైన డెమోక్రాట్లే. ఆరంతస్తుల బిల్డింగులో మూడు నాలుగు తలుపులే తడతాం. పక్క ఫ్లాటు అతను తలుపు తీసి "నాకూ అద్దె పెరిగింది, నాతోనూ మాట్లాడండి" అన్నా, ఆయన ఏ పార్టీలోనూ నమోదు కాకపోతే ఆ ఎన్నికలో ఓటు లేదు. 2016లో డెమోక్రటిక్ ప్రెసిడెంట్ టికెట్‌కు పోటీపడిన సోషలిస్టు సెనేటర్ బెర్నీ శాండర్స్ కోసం ఉత్సాహంగా వచ్చిన ఎంతోమంది కుర్రాళ్లు ఇలాగే వెనుదిరిగారు. ఏప్రిల్ ప్రైమరీకి పార్టీ మార్చుకునే గడువు అంతకుముందు అక్టోబర్‌లోనే ముగిసింది మరి. తర్వాత ఆ గడువు తగ్గించారు.

ఇలాంటి ప్రైమరీల్లో ఓటేసేది తక్కువమంది. అదే అనుకూలం. 2018లో కాంగ్రెస్ సీటు ప్రైమరీలో సోషలిస్టు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ డెమోక్రటిక్ నాయకత్వంలో పెద్ద తలకాయైన జో క్రౌలీని ఓడించింది ఈ లెక్కతోనే. మమ్దానీ 2025 జూన్‌లో మాజీ గవర్నర్ కువోమోను ప్రైమరీలో ఓడించాడు. నగరం ఇచ్చే నిధులు దానికి తోడయ్యాయి. నగరవాసి ఇచ్చే చిన్న చందాకు న్యూయార్క్ నగరం ఎనిమిది రెట్లు కలుపుతుంది, దాంతో పెద్ద దాతల గుమ్మం తొక్కక్కర్లేదు. కువోమో ఇండిపెండెంట్‌గా మళ్లీ దిగినా, నవంబర్ 4న మమ్దానీకి సగానికి కొంచెం ఎక్కువగా, పది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అదే నెల సియాటెల్‌లో సోషలిస్టునని చెప్పుకునే కేటీ విల్సన్ కొద్ది ఓట్ల తేడాతో మేయర్‌గా గెలిచింది. కాబట్టి ఒక్క ఊరి ముచ్చట కాదు.

అయితే మిల్వాకీలో జరిగినట్టే ఇప్పుడూ జరుగుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న బఫెలో నగరంలో సోషలిస్టు ఇండియా వాల్టన్ 2021 మేయర్ ప్రైమరీ గెలిచింది. ఓడిన మేయర్ బైరన్ బ్రౌన్ ఊరుకోలేదు. బ్యాలెట్ మీద పేరే లేకుండా, ఓటర్ల చేత తన పేరు రాయించుకుని నవంబర్‌లో గెలిచాడు. వ్యాపారులు, రిపబ్లికన్లు, పాత డెమోక్రాట్లు అందరూ ఆయన వెనకే. 2024లో సోషలిస్టుల వైపున్న కాంగ్రెస్ సభ్యులు జమాల్ బోమన్, కోరీ బుష్ ఇద్దరూ ప్రైమరీల్లోనే ఓడారు. ఇజ్రాయెల్ అనుకూల కమిటీలు వాళ్ల మీద కుమ్మరించిన డబ్బు మామూలుది కాదు. తెరిచిన తలుపు ఎవరికైనా తెరిచినట్టే.

ఇక గెలిచిన వాడి చేతిలో ఏముంటుంది? మమ్దానీ హామీలనే తీసుకోండి. అద్దెలు పెంచకుండా ఆపడం ఆయన వల్ల అవుతుంది. సుమారు పది లక్షల నియంత్రిత ఫ్లాట్ల అద్దెను నిర్ణయించే తొమ్మిది మంది బోర్డును నియమించేది మేయరే. డి బ్లాసియో హయాంలోనూ ఆ పని మూడుసార్లు జరిగింది, ఆయన సోషలిస్టు కాకపోయినా. ఉచిత బస్సు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది, ఎందుకంటే బస్సులు నడిపేది రాష్ట్ర సంస్థ. ధనికుల మీద ఆదాయపు పన్ను పెంచాలన్నా రాష్ట్ర రాజధాని ఆల్బనీలోని శాసనసభ, గవర్నర్ ఒప్పుకోవాలి. నగరం ఎవరిదైనా తాళం రాష్ట్రానిది. సెయింట్ లూయిస్ నగరం 2017లో కనీస వేతనం గంటకు 10 డాలర్లు చేస్తే, మిస్సోరీ రాష్ట్రం చట్టం చేసి కొన్ని నెలల్లోనే దాన్ని 7.70కి దించేసింది. పెరిగిన జీతం మళ్లీ తగ్గడం నేను చదివిన విచిత్రాల్లో ఒకటి.

వాషింగ్టన్ స్థాయిలో అడ్డుగోడలు ఇంకా ఎత్తు. ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కు ఇద్దరు సెనేటర్లు, నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే. సెనేట్‌లో చాలా బిల్లులకు 51 చాలవు, 60 కావాలి. 2009లో ఒబామాకు ఆ అరవై ఉన్నా, సెనేటర్ జో లీబర్‌మన్ ఒక్కడు అడ్డం తిరిగితే ప్రభుత్వ ఆరోగ్య బీమా అన్న ముక్క బిల్లులోంచి ఎగిరిపోయింది. పైన జీవితకాలం కూర్చునే న్యాయమూర్తులు. రాజ్యాంగం మార్చాలంటే 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఒక్క ఎన్నికలో గాలి వీస్తే అంతా మారిపోకూడదనే కట్టిన ఇల్లు ఇది. కట్టినవాళ్లు ఆ సంగతి దాచుకోలేదు కూడా.

జనం సంగతేంటని అడుగుతారు. 2020 నవంబర్‌లో ఫ్లోరిడా ట్రంప్‌ను గెలిపించింది. క్యూబా, వెనిజులా నుంచి వచ్చిన కుటుంబాల దగ్గర "సోషలిస్టులొస్తున్నారు" అన్న ప్రచారం బాగా పారింది. అదే రోజు అదే ఓటర్లు కనీస వేతనాన్ని దశలవారీగా 15 డాలర్లకు పెంచే ప్రతిపాదనను 60 శాతం పైగా ఓట్లతో ఆమోదించారు. నార్త్ డకోటా రైతుకూ ఫ్లోరిడా హోటల్ కార్మికుడికీ వందేళ్ల తేడా ఉన్నా ధోరణి ఒకటే.

నాకు ఎక్కువ బెంగ కలిగించేది యూనియన్ల సంగతి. 1950ల్లో ఉద్యోగుల్లో మూడో వంతు యూనియన్లలో ఉండేవారు, ఇప్పుడు పదిలో ఒకరు. హోన్ వెనక మిల్వాకీ ఫ్యాక్టరీ యూనియన్లు ఉన్నాయి, ఫ్రేజియర్ వెనక చందా కట్టిన రైతులు ఉన్నారు. ఈ తరం అభ్యర్థుల వెనక ఎక్కువగా ఉన్నది అద్దెలు కట్టలేని చదువుకున్న యువత, వలంటీర్లు. డెమోక్రటిక్ సోషలిస్టుల సంస్థ 2016కు ముందు ఆరేడు వేల సభ్యులతో ఉండి ఇప్పుడు పదింతలు దాటిందంటే సంతోషమే. కానీ బాండ్లు కొనం పొమ్మన్నప్పుడో, కంపెనీ ఊరు వదిలి పోతానన్నప్పుడో నిలబడేది పనిచోట ఉన్న బలమే. 2018లో సియాటెల్ కౌన్సిల్ పెద్ద కంపెనీల మీద ఉద్యోగికింత అని పన్ను వేసి, అమెజాన్ కన్నెర్ర చేశాక నెల తిరక్కుండానే ఉపసంహరించుకుంది. రెండేళ్ల తర్వాత వేరే రూపంలో పన్ను పడిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ కౌన్సిల్లో పన్ను కోసం పట్టుబట్టిన సోషలిస్టు సభ్యురాలు క్షమా సావంత్ పుణెలో పుట్టిన మనిషే. డెమోక్రటిక్ టికెట్ తీసుకోకుండా పదేళ్లు నెగ్గుకొచ్చింది, సియాటెల్ కౌన్సిల్ ఎన్నికల్లో పార్టీ పేర్లు ఉండవు కాబట్టి అది సాధ్యమైంది. 2023లో కుల వివక్షను నిషేధిస్తూ ఆమె తెచ్చిన ఆర్డినెన్స్ మీద సియాటెల్ పక్కనున్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ తెలుగు వాళ్లు రెండుగా చీలి వాదించుకున్నారు. మన వాళ్లకు ఇక్కడ సోషలిజం అంటే పన్నులు గుర్తొస్తాయి, ఆసుపత్రి బిల్లు చూస్తే ఆరోగ్య బీమా గుర్తొస్తుంది. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మా వాట్సాప్ గ్రూపులోనైతే మమ్దానీని, అదే రోజు వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీని ఒకే గాటన కట్టేశారు. ఆమె మామూలు డెమోక్రాట్, సోషలిస్టు కాదు.

మీ చివరి ప్రశ్న: మమ్దానీ ప్రెసిడెంట్ కాలేడు. ఆయన పుట్టింది ఉగాండాలోని కంపాలాలో, పుట్టుకతో అమెరికా పౌరుడై ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. బ్రాంక్స్‌లో పుట్టిన ఒకాసియో-కోర్టెజ్‌కు ఆ అడ్డంకి లేదు, ప్రెసిడెంట్‌కు కావలసిన 35 ఏళ్లూ నిండాయి. ఆమె గానీ, అలాంటి ఇంకెవరైనా గానీ 2028లో దిగితే నేను న్యూయార్క్, కాలిఫోర్నియా సర్వేలు చూడను. 2020లో శాండర్స్ న్యూ హాంప్‌షైర్, నెవాడా గెలిచి ఊపు మీదున్నప్పుడు ఆయన్ను ఆపింది సౌత్ కెరొలైనా. అక్కడి నల్లజాతి ఓటర్లు, అందులోనూ చర్చికి వెళ్లే నడివయసు ఆడవాళ్లు బైడెన్ వైపు నిలిచారు, మూడు రోజుల్లో మిగతా అభ్యర్థుల్లో కొందరు కూడా బైడెన్ వెనక చేరిపోయారు. ఆ ఓటర్లకు సోషలిస్టు అభ్యర్థి మీద నమ్మకం కుదిరిందా లేదా అన్నది వాళ్ల ప్రైమరీ రోజు సాయంత్రమే తెలిసిపోతుంది.